గుంటూరు డివిజన్‌లో మిర్యాలగూడ

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న ఏర్పడింది. అందులో గుంటూరు డివిజన్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పగిడిపల్లి–నల్లపాడు మార్గం దాని కిందికే రావడంతో, తెలంగాణలోని నల్లగొండ, మిర్యాలగూడ స్టేషన్ల పాలన ఆంధ్రలోని గుంటూరు నుంచి సాగింది. రాష్ట్రం విడిపోయినా పట్టాలు విడిపోలేదు. విష్ణుపురం దాటగానే రైలు కృష్ణ మీదుగా పొందుగులకు చేరుతుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరు. అక్కడ గూడ్సు బండి అంటే బియ్యమే గుర్తుకొస్తుంది: హమాలీలు భుజాన బస్తా వేసుకుని లారీ నుంచి వ్యాగన్‌లోకి నడుస్తుంటారు.

2019 ఫిబ్రవరిలో ప్రకటించిన విశాఖ కేంద్రంగా ఉండే దక్షిణ కోస్తా జోన్‌లో గుంటూరు డివిజన్‌నూ చేర్చారు. సూర్యాపేట, కోదాడలకు మాత్రం ఈ లెక్కలేవీ పట్టవు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న ఆ రెండు ఊళ్లకూ బస్టాండే గతి, రైల్వేస్టేషన్ లేదు.