బల్లమీది ట్యాంకు, జరగని చరిత్ర

చరిత్రకారునికి జరిగినదానితోనే పని, జరగనిదానితో కాదని పెద్దలు చెబుతూ వచ్చారు. అయినా ‘అలా కాక ఇలా జరిగి ఉంటే’ అనే ప్రశ్న మానవుణ్ణి ఎన్నడూ విడిచిపెట్టలేదు. అలెగ్జాండరు పడమటి దిక్కుకు మరలి రోముపై దండెత్తి ఉంటే ఏమయ్యేదని రోమను చరిత్రకారుడు లివీ రెండువేల ఏళ్ల కిందటే విచారించాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న గ్రంథాలను దాటి బల్లమీదికి వచ్చింది. చిన్న సైనికుల బొమ్మలు, పెద్ద ట్యాంకు నమూనాలు నిలిపి, జరగని యుద్ధాలను పోరాడి చూసే క్రీడ పాశ్చాత్య దేశాలలో స్థిరపడింది. దీనిని పిల్లచేష్టగా తీసిపారవేయడం సులభమే. కాని గతాన్ని గురించి మనం ఎంత నిజాయితీగా ఆలోచిస్తామనే దానికి ఇదొక పరీక్ష కూడా.

ఈ క్రీడకు మూలపురుషుడు మన చతురంగమే. రథ గజ తురగ పదాతులతో కూడిన ఆ ఆట పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్‌విగ్ ఆ గళ్ల బల్లనే విస్తరించి, గళ్లకు నదులు, కొండలు, పల్లెలు కల్పించి యుద్ధక్రీడగా మలిచాడు. 1824లో ప్రష్యా సేనాధికారి రైస్విట్జ్ గళ్లను తొలగించి, 1:8000 నిష్పత్తిలో గీసిన భూపటాన్ని పరిచాడు. మధ్యవర్తి ఒకరు తీర్పు చెప్పేవాడు. పాచికలు అదృష్టానికి ప్రాతినిధ్యం వహించేవి. ఇందులో సేనలు చిన్న దిమ్మెలు మాత్రమే. భూమి కొలత సరిగా ఉండాలి కనుక సైనికుని రూపం త్యాగం కావలసి వచ్చింది.

ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ ఈ వరుసను తారుమారు చేశారు. 1913లో వెలువడిన ‘లిటిల్ వార్స్’ గ్రంథంలో ఆయన నేలమీద బొమ్మ సైనికులను నిలిపి, స్ప్రింగు ఫిరంగులతో పడగొట్టే ఆటకు నియమాలు రచించారు. ఇక్కడ బొమ్మే ప్రధానం, భూపటం కాదు. ఈ ఆట ఆడినవారికి అసలు యుద్ధం ఎంత అవివేకమో తెలిసివస్తుందని ఆయన ఆశించారు. మరుసటి ఏడే మహాయుద్ధం వచ్చింది. 1903లోనే ఒక కథలో ఆయన ఊహించిన ఉక్కు శకటాలు 1916 సెప్టెంబరులో సోమ్ రణరంగంలో ట్యాంకులుగా కదలివచ్చాయి.

నేటి పెద్ద ట్యాంకు నమూనా ఈ రెండో సంప్రదాయానికి వారసురాలు. నమూనాల తయారీలో సుప్రసిద్ధమైన 1:35 నిష్పత్తి పుట్టుక విచిత్రమైనది. 1960వ దశకపు ఆరంభంలో జపానుకు చెందిన టామియా సంస్థ, జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనాను మోటారు, బ్యాటరీలు పట్టేటంత పరిమాణంలో రూపొందించింది. ఆ తరువాత లెక్క కట్టగా అది 1:35 అని తేలింది. అంటే ఆ కొలతను నిర్ణయించింది రణనీతి కాదు, బ్యాటరీ. ఆటగాళ్లు ఎక్కువగా వాడే 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలకు సుమారు 1:56 నిష్పత్తి సరిపోతుంది. ఒక్కొక్క పక్షాన పది నుంచి ముప్పయి మంది సైనికులు, ఒకటి రెండు ట్యాంకులు ఉంటే చాలు. చిన్న దళాల పోరు సాగుతుంది.

ఇక్కడే చిక్కు ఉంది. ఫిరంగి గొట్టంతో కలిపి 8.45 మీటర్ల పొడవుండే జర్మన్ టైగర్ ట్యాంకు 1:35 నిష్పత్తిలో 24 సెంటీమీటర్లు, 1:56లో 15 సెంటీమీటర్లు ఉంటుంది. చూపులకు నిండుగా ఉంటుంది. అయితే 1.8 మీటర్ల పొడవైన బల్ల 1:56 లెక్కన నూరు మీటర్ల నేలకు మాత్రమే సమానం. వేయి మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని ఛేదించగల ఆ ఫిరంగికి న్యాయం చేయాలంటే పద్దెనిమిది మీటర్ల బల్ల కావాలి. నమూనా ఎంత పెద్దదైతే దాని చుట్టూ ఉన్న లోకం అంత కుంచించుకుపోతుంది.

కుంచించుకుపోయేది దూరం ఒక్కటే కాదు. యుద్ధం 1946 దాకా సాగిందని ఊహించే ఆటల్లో 188 టన్నుల జర్మన్ మౌస్ ట్యాంకు అజేయంగా కదులుతుంది. వాస్తవంలో నిర్మాణమైన మౌస్‌లు రెండే. ఆ రెండింటి భాగాలు కలిపి నిలిపిన ఒక్కటి రష్యాలోని కుబింకా సంగ్రహాలయంలో మిగిలింది. దాని బరువును మోసే వంతెనలు లేనందున నదిని అడుగునుంచి దాటాలని, ఒడ్డున నిలిచిన మరో మౌస్ తీగద్వారా దానికి విద్యుత్తు అందించాలని యోచించారు. టైగర్ మొదటి రకం ట్యాంకులు సుమారు 1,350 తయారయ్యాయి. సోవియట్ టి-34లు 50,000కు పైగాను, అమెరికన్ షెర్మన్లు సుమారు 49,000 తయారయ్యాయి. బల్లమీద ఒకటికి ఒకటి ఎదురు నిలిచినప్పుడు ఈ అంకెలు కనిపించవు. ఇంధనం కరవూ, బలవంతపు చాకిరీలో, నిర్బంధ శిబిరాల్లో నలిగిన కార్మికులూ అసలే కనిపించరు. ‘మరి నాలుగు అద్భుతాయుధాలుంటే నాజీ జర్మనీ గెలిచేది’ అనే అపోహకు అందమైన బొమ్మ ఇలా తెలియకుండానే ఊతమిస్తుంది.

అందుకని ‘ఇలా జరిగి ఉంటే’ అనే ప్రశ్నే తప్పని కాదు. 1974లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో, 1940లో జర్మన్లు ఇంగ్లండుపై దిగి ఉంటే ఏమయ్యేదో ఆడి చూశారు. ఇరుదేశాల మాజీ సేనాధికారులు మధ్యవర్తులుగా కూర్చున్నారు. జర్మన్ వైమానిక యోధుడు గాలండ్ వారిలో ఒకరు. జర్మన్ సేన తీరం చేరగలిగింది. కాని బ్రిటిష్ నౌకాదళం కాలువను అడ్డగించడంతో సరఫరాలు తెగిపోయి ఓటమి పాలైంది. నదుల్లో తిరిగే పడవలు, సముద్రపు పోటుపాట్లు, సరఫరాల లెక్కలు ఆ ఊహకు కళ్లెం వేశాయి. కళ్లెం ఉన్నందువల్లనే అది చరిత్రకు పనికివచ్చింది.

పెద్ద నమూనాలకు తగిన ఊహ కూడా లేకపోలేదు. 1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసనాన్ని వదులుకోక, 1938లో బ్రిటన్‌లో అంతర్యుద్ధం చెలరేగి ఉంటే అనే కల్పన అక్కడి ఆటగాళ్లలో ప్రసిద్ధం. అలనాటి బ్రిటన్‌లో ఆధునిక ట్యాంకులు కొద్దే. అయితే మొదటి యుద్ధంలో వాడిన ట్యాంకులను 1919లో అనేక పట్టణాలకు స్మారకాలుగా బహూకరించారు. కెంట్ మండలంలోని ఆష్‌ఫర్డ్‌లో అలాంటి మార్క్ 4 ట్యాంకు నేటికీ నిలిచి ఉంది. కొన్ని దశాబ్దాలు దాని కడుపులో విద్యుత్ ఉపకేంద్రం నడిచింది. ఆయుధం మరతుపాకులే, వేగం గంటకు ఆరు కిలోమీటర్లు, మనిషి నడకకు కాస్త ఎక్కువ. అటువంటిది ఊరి వీధిలో కాలిబంటుల పక్కన సాగితే నూరు మీటర్ల బల్ల చాలు. అక్కడ బొమ్మ పెద్దదైనా అబద్ధమాడదు.

చదరంగపు ఏనుగుకు మేత అక్కరలేదు, బురద అంటదు, మావటివాడు చావడు. బల్లమీది ట్యాంకూ అంతే. ఆ మేతను, బురదను, మావటిని లెక్కలోకి తెచ్చుకునే ఆటగాడు జరగని యుద్ధం నుంచి కూడా జరిగిన చరిత్రను నేర్చుకుంటాడు. వాటిని మరచినవాడు ఎన్ని విజయాలు సాధించినా, అవి అతని బల్ల అంచు దాటవు.