మూడు ముక్కలలో ఏది పెద్దది?

గత సంక్రాంతికి మేము ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెములో బంధువుల ఇంట నుంటిమి. భోగినాటి రాత్రి అరుగుమీద చాప పరచి, చింతగింజలను పందెముగా పెట్టుకొని, పిల్లలును పెద్దలును మూడు ముక్కలాట ఆడుచుండిరి. ఒక కుర్రవాడు మూడు ఏడులను పరచి గింజల కుప్పమీద చేయి వేసెను. అతని మేనమామ ఆ చేయి పట్టుకొని, తన ఆటీను నాలుగును, ఐదును, ఆరును చూపెను.

"మూడేడులు మామా, గింజలు నావి" అని అల్లుడు.

"ఒకే జాతిలో వరుస కుదురుట అంత సులువా? ఇదే పెద్దదిరా" అని మామ.

ఇంటి పెద్దమ్మ అల్లుని పక్షము వహించెను. తన పుట్టింట ఎన్నడును మూడు ఒకటే అయినచో దానికి మించినది లేదని ఆమె వాదము. కడకు అందరును మావైపు తిరిగిరి. రేడియోవారికి తెలియని విషయముండునా యని వారి నమ్మకము. అల్లుడే గెలిచెనని తీర్పు చెప్పితిమి గాని, "ఎందుచేత?" యని మామ అడిగినప్పుడు మాకు మాట రాలేదు. ఆ ప్రశ్నకు బదులే ఈనాటి ప్రసంగము.

ఆటలో దేనిని పెద్దదిగా, దేనిని చిన్నదిగా ఎంచవలెనను చింత పేకముక్కలకంటె ఎంతో పాతది. వేదకాలపు జూదరులు పాచికలుగా వాడినవి తానికాయలు. భద్రాచలపు అడవులలో నేటికిని రాలిపడు ఆ కాయలే. గుప్పిటిలోనికి వచ్చిన కాయలను నాలుగేసి చొప్పున తీసివేయగా ఏమియు మిగులకున్న అది కృతము. మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి. కృతము ఉత్తమము, కలి అధమము. యుగములకు మనము చెప్పుకొను పేర్లే జూదపు పట్టులకును పేర్లు. అయితే ఈ నాలుగింటిలో ఒకటి మరియొకదానికంటె అరుదైనది కాదు. గుప్పిటినిండ కాయలు తీసినచో నాలుగును ఇంచుమించు సమానముగనే పడును. అక్కడి హెచ్చుతగ్గులు కేవలము సంప్రదాయము ఏర్పరచినవి.

పేకముక్కలు మన దేశమునకు పారసీకపు దారిని వచ్చినవి. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశములోని షా హసనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. అక్బరు కొలువులో ఆడిన 12 జాతుల గంజీఫాను అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వర్ణించెను. తరువాత వాడుకలో నిలిచినది 8 జాతుల పేక. జాతికి 12 చొప్పున 96 గుండ్రని ముక్కలు. ప్రతి జాతిలోను రాజు మొదటివాడు, వజీరు రెండవవాడు, ఆపై 10 అంకె ముక్కలు. మన తెలంగాణములో నిర్మల చిత్రకారులు ఇట్టి ముక్కలను రంగులతో చిత్రించుచుండిరి. హిందువుల యిండ్లలో దశావతార గంజీఫా వెలసినది. మత్స్యము మొదలు కల్కి వరకు 10 జాతులు, 120 ముక్కలు. అందు రామునిది ఒక జాతి.

ఈ గంజీఫాలో ఒక వింత కలదు. నాలుగు జాతులలో పదియే అంకెలన్నిటికి పెద్ద, ఒకటి చిన్న. తక్కిన నాలుగు జాతులలో క్రమము తలక్రిందులు: ఒకటి పెద్ద, పది చిన్న. కిరీటము, వెండి నాణెము, కత్తి, సేవకుడు మొదటి తెగ. బంగారు నాణెము, వీణవంటి వాద్యము, పత్రము, సరకు రెండవ తెగ. దశావతారములలోను ఐదింటికి ఒక క్రమము, ఐదింటికి ఎదురు క్రమము. పగలు ఆడునప్పుడు బంగారు నాణెపు రాజును, రాత్రి ఆడునప్పుడు వెండి నాణెపు రాజును గలవాడు ఆట మొదలిడవలెను. ఒకటి సూర్యునకు, ఒకటి చంద్రునకు గుర్తు. ఇక్కడను పెద్దరికము ముక్కకు పుట్టుకతో వచ్చినదే. పది ముక్క ఎంత అరుదో ఒకటి ముక్కయు అంతే అరుదు.

అటుపిమ్మట ఓడలమీద యూరపు పేక వచ్చినది. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. ఆనాడు ఆ రేవు గోలకొండ సుల్తానులది. మన యిండ్లలో నేటికిని పలుకు పేకాట పదములను ఒకసారి చెవియొగ్గి వినుడు. కళావరు అను మాట డచ్చివారి క్లావరునకు దగ్గర. ఆ భాషలో దానికి మూడాకుల మొక్క యని అర్థము. ఆటీను వారి హార్టెనునకు దగ్గర, అనగా హృదయములు. తురుపు వారి త్రూఫునకు దగ్గర. ఎన్నడును డచ్చివానిని చూడని తిరుమలాయపాలెపు పెద్దమ్మ నోట ఆటీను రాణి యను మాట అచ్చ తెలుగువలె పలుకుచున్నది. రేవులో దిగిన సరకులు ఎప్పుడో చెల్లిపోయినవి. మాటలు మాత్రము నిలిచినవి.

యూరపు పేకతో కొత్త తీరు ఆటలును వచ్చినవి. గంజీఫాలో ముక్కకు ముక్క ఎదురునిలుచును. ఈ ఆటలలో చేతిలోని ముక్కలన్నియు కలిసి ఒక్కటిగా తూగును. ఇంగ్లండులో బ్రాగు అను మూడు ముక్కలాట 18వ శతాబ్దికే ప్రసిద్ధము. హాయిలు అను గ్రంథకర్త 1751లో దానిపై ఒక పుస్తకము ప్రకటించెను. మన మూడు ముక్కలాటకు దగ్గరి చుట్టము అదియే. ముక్కల కూటములు తూకమునకు వచ్చిన పిమ్మట తరతమములను నిర్ణయించుటకు కొత్త కొలబద్ద దొరకినది. ఏ కూటము అరుదుగా వచ్చునో అది పెద్దది. ఏది తరచుగా వచ్చునో అది చిన్నది. ఇది అంకెలతో తేల్చదగిన న్యాయము.

ఆ అంకెల విద్య మనకు కొత్త కాదు. కొన్ని వస్తువులనుండి కొన్నింటిని ఎన్ని విధముల ఏరుకొనవచ్చునో తెలుపు సూత్రమును 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున చెప్పెను. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథమును ఆధారముగా గొని తెలుగున గణితమును పద్యములలో రచించెను. ఆ సూత్రము ననుసరించి లెక్కింతము. మొదటి ముక్క 52 విధములు, రెండవది 51, మూడవది 50. ఈ మూడింటిని గుణించి, మూడు ముక్కలు తమలో తాము 6 విధముల మారవచ్చును గనుక 6 చేత భాగింపగా 22,100 వచ్చును. మూడు ముక్కల చేతులు ప్రపంచములో అన్నియే కలవు.

వానిలో మూడును ఒకే అంకెయైనవి 52. ఒకే జాతిలో వరుసగా వచ్చునవి 48. జాతి కలియక వరుస మాత్రము కుదురునవి 720. వరుస కుదురక జాతి మాత్రము కలియునవి 1,096. జతలు 3,744. ఏమియు కుదురక పెద్ద ముక్క నొకదానిని నమ్ముకొనవలసినవి 16,440. ఆసు, రెండు, మూడు. ఆసు, రాజు, రాణి — ఈ రెండును వరుసలే యని మేము లెక్కించితిమి.

ఇప్పుడు అరుగుమీది తగవు చూడుడు. జతకంటె జాతి, జాతికంటె వరుస, వరుసకంటె ఒకే జాతి వరుస పెద్దవనుట అంకెలకు సరిపోయినది. కాని అన్నిటి పైమెట్టు దగ్గర అంకెలు ఆచారముతో విభేదించినవి. మూడు ఒకటేయైన చేతులు 52 కాగా, ఒకే జాతి వరుసలు 48 మాత్రమే. నాలుగు చేతుల తేడాతో న్యాయము మేనమామ వైపున్నది! గింజలు పోగొట్టుకొన్నవాడే లెక్కలో నెగ్గెను.

మరి ఆచారము ఎందుకిట్లున్నది? దీనికి బదులు చరిత్రలో దొరకును. పాత బ్రాగు ఆటలో వరుసలకు, జాతులకు విలువయే లేదు. జత, మూడు ఒకటేయగుట — ఈ రెండే కూటములు. మూడు ఒకటేయగుట అప్పుడే సింహాసన మెక్కినది. వరుసలును జాతులును తరువాత వచ్చి చేరినవి. వెనుక వచ్చినవారికి కొలువులో చోటిచ్చిరి గాని, రాజును మాత్రము దించలేదని మా తలంపు. ఇటీవల జూదశాలలలో ఆడు మూడు ముక్కల పోకరులో మాత్రము లెక్కను మన్నించి, ఒకే జాతి వరుసను పైన నిలిపిరి.

అమెరికాలో పుట్టిన పోకరు కథ ఇందుకు భిన్నము. 1829లో మిసిసిపీ ప్రాంతపు పొగయోడలో ఆ ఆటను చూచినట్లు జోసెఫ్ కోవెలు అను ఆంగ్లనటుడు 1844లో ప్రకటించిన జ్ఞాపకములలో వ్రాసెను. మొదటి పోకరుకు 20 ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. మనిషికి ఐదు ముక్కలు. జత, రెండు జతలు, మూడు ఒకటే, మూడును రెండును, నాలుగు ఒకటే — ఇంతే తరతమములు. నాలుగు ఆసులు గలవానికి ఓటమి లేదు. పేక 52 ముక్కలకు పెరిగిన పిమ్మట ఐదును ఒకే జాతి యగుట, ఐదును వరుసయగుట వచ్చి చేరినవి. ఐదు ముక్కల చేతులు మొత్తము 25,98,960. అందు నాలుగు ఒకటేయైనవి 624; ఒకే జాతి వరుసలు 40 మాత్రమే. పోకరువారు ఈ లెక్కను మన్నించి, కొత్తగా వచ్చిన జాతి వరుసను నాలుగు ఆసులమీద కూర్చుండబెట్టిరి. ఓటమి యెరుగని చేయి పేకలో లేకుండ పోలేదు గాని, ఆ పదవి ఆసుల చేతినుండి జారిపోయినది.

ఇంకొక చిత్రము. మూడు ముక్కలలో వరుస పెద్దది, జాతి చిన్నది. ఐదు ముక్కలలో జాతి పెద్దది, వరుస చిన్నది. రెండు ఆటలును ఆడువారు ఇక్కడ తరచుగా తడబడుదురు. కారణము సులభము. మూడు ముక్కలలో మొదటిదాని జాతికి తక్కిన రెండే కలియవలెను. ఐదింటిలో నాలుగు కలియవలెను; అది కడుదుర్లభము. అందుచేత ఐదు ముక్కలలో వరుసలు 10,200 ఉండగా, ఒకే జాతివి 5,108 మాత్రమే. ముక్కల సంఖ్య మారగానే అరుదైనది సులభమైనది, సులభమైనది అరుదైనది. తరతమము వస్తువులో లేదు, సందర్భములో కలదని పేకముక్కలును చెప్పుచున్నవి.

లెక్క తెలిసినవారికి ఆట వశమగునా? ఈ ప్రశ్న న్యాయస్థానమునకును ఎక్కినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై వచ్చిన వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రమ్మీలో ఏ ముక్క పడినదో జ్ఞాపకముంచుకొనవలెను, ఏది ఉంచుకొనవలెనో ఏది పడవేయవలెనో యోచింపవలెను. కనుక అది ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయనియు, మూడు ముక్కలాట మాత్రము కేవలము అదృష్టముమీద నడచునదనియు ఆ తీర్పులో నున్నది. అయినను నేర్పుగల ఆటయందును పందెము ఇల్లు ముంచగలదు. 2017లో తెలంగాణ ప్రభుత్వమును, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును యంత్రములమీద డబ్బు పందెముగా నడచు ఆటలను, రమ్మీతో సహా, నిషేధించుచు తమ చట్టములను సవరించినవి.

న్యాయమూర్తుల మాటకు మన లెక్కయే సాక్ష్యము. 22,100 చేతులలో 16,440 ఏ కూటమును కుదురనివి. నూటికి 74 మారులు చేతిలో వట్టి ముక్కలే. ఏవి పెద్దవో వల్లించినంత మాత్రమున అవి మన చేతికి రావు. చింతగింజలు పోయిన మరునాడు మరికొన్ని ఏరుకొనవచ్చును. పోయినవి వడ్లైనచో, పొలమైనచో, ఆ యింటి ఆడవారు ఏరుకొనగలిగినది ఏమియు నుండదు.

నన్నయ భట్టారకుడు తెనిగించిన నలోపాఖ్యానము మనకందరకు తెలిసినదే. రాజ్యమును పోగొట్టుకొని సారథియైన నలునకు ఋతుపర్ణ మహారాజు దారిప్రక్కనున్న తానిచెట్టును చూపి, దాని ఆకులను కాయలను దిగకయే లెక్కించి చెప్పెను. నలుడు రథము దిగి సరిచూచుకొనగా లెక్క తప్పలేదు. అప్పుడు తన అశ్వహృదయమును ఇత్తునని చెప్పి, ఆ రాజునుండి అక్షహృదయమును గ్రహించెను. ఆ విద్య లోనికి రాగానే కలి వెలికి వచ్చెను. ఈ కథను విన్న ధర్మరాజునకును బృహదశ్వుడు అదే విద్య నుపదేశించెను. ఇద్దరికిని విద్య అబ్బినది అడవిలోనే, అంతయు పోయిన పిమ్మటనే.

మేము తిరుమలాయపాలెమునకు ఈ లెక్కనంతయు జాబులో వ్రాసి పంపితిమి. మామ న్యాయమున నెగ్గెననియు, అల్లుడు ఆచారమున నెగ్గెననియు తీర్పును సవరించితిమి. జాబు చేరినదని కబురు వచ్చినది. గింజలు మాత్రము అల్లుడు తిరిగి ఇయ్యలేదట. కాని 52, 48 అను అంకెలను గోడమీద బొగ్గుతో వ్రాసికొని, 22,100 ఎట్లు వచ్చినదో తానే లెక్క చేసి చూచుకొనుచున్నాడట. నలునకు అడవిలో దొరకిన విద్య ఆ బాలునకు ఇంటి అరుగుమీదనే దొరకినది.