భాగపంపకాల కాగితం

ఆగస్టు 8న జర్మనీ అంతా పనికి పోతుంది. మా ఆగ్స్‌బర్గ్‌ ఊరికి మాత్రం సెలవు. 1629లో అదే తేదీన ఇక్కడ ప్రొటెస్టెంట్ల ఆరాధనను నిషేధించారు. ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన 1648 ఒప్పందంతో ఆ హక్కు తిరిగొచ్చాక, 1650 నుంచి ఆ రోజునే శాంతి పండుగగా జరుపుకుంటున్నారు. అప్పటి జర్మన్ రాజ్యాలను కలిపి ఉంచిన పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని మతం చీల్చిందని మనం బడిలో చదువుకున్నాం. అది సగం కథే. అన్నదమ్ములు విడిపోతూ రాసుకునే పంపకాల కాగితం లాంటిదే దాన్ని 1806 దాకా నిలిపిందని నేనంటాను.

మొదటి కాగితం 1555లో ఈ ఊళ్ళోనే రాశారు. పాలకుడు క్యాథలిక్కో లూథరనో తేల్చుకుంటాడు. గిట్టని ప్రజలు ఆస్తి అమ్ముకుని వెళ్ళిపోవచ్చు. ప్రొటెస్టెంట్లలోనే మరో శాఖైన కాల్విన్ అనుచరులకు వాటా లేదు. ఆగ్స్‌బర్గ్‌ లాంటి స్వతంత్ర నగరాల్లో మాత్రం ఇద్దరూ కలిసే బతకాలి. అదెంత కష్టమో 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్‌లో పది రోజులు ఎగరగొట్టాక తెలిసింది. క్యాథలిక్కుల పట్టున్న నగర సభ మరుసటి ఏడాది కొత్త లెక్క పెట్టింది, ప్రొటెస్టెంట్లు ఒప్పుకోలేదు, 1584లో వీధుల్లో అల్లర్లయ్యాయి. పంచాంగం దృక్కా, వాక్యమా అంటూ పండుగను రెండు రోజులు చేసే మనకు ఈ పేచీ కొత్తేం కాదు. సామ్రాజ్యంలోని ప్రొటెస్టెంట్ రాజ్యాలు దారికి రావడానికి 1700 దాకా పట్టింది.

కాగితం అంత గట్టిదైతే 1618లో మొదలై ముప్పై ఏళ్ళు సాగిన ఆ యుద్ధం ఎందుకొచ్చిందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సాక్సనీ లూథరన్ పాలకుడు 1620లో క్యాథలిక్ చక్రవర్తి పక్షాన నిలిచాడు. కార్డినల్ రిషెల్యూ నడిపిన క్యాథలిక్ ఫ్రాన్స్, లూథరన్ స్వీడన్‌కు డబ్బిచ్చింది. మతం ఒక్కటే గీత గీసి ఉంటే ఈ జతలు కుదిరేవి కావు. మంట మరింత పెరిగింది 1629లో, 1552 తర్వాత చేతులు మారిన చర్చి ఆస్తులన్నీ వెనక్కివ్వాలని చక్రవర్తి ఫెర్డినాండ్ శాసించినప్పుడు. అంటే కాగితాన్ని ఒక్క చేత్తో తిరగరాయబోయాడు.

1648లో మళ్ళీ లెక్కల్లోకే దిగారు. 1624 జనవరి 1న ఏ చర్చి ఎవరి చేతిలో ఉందో అదే ఖాయం. ఆగ్స్‌బర్గ్‌లో పదవులన్నీ చెరిసగం. ఓస్నాబ్రుక్‌లో బిషప్ ఒకసారి క్యాథలిక్, మరుసటిసారి లూథరన్. సామ్రాజ్య సభలో మతం విషయమొస్తే ఓట్ల బలం చెల్లదు, రెండు పక్షాలూ విడివిడిగా కూర్చుని రాజీపడాలి.

ఇది సహనం కాదు కదా అంటే, కాదు. 1731–32లో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ సుమారు 20,000 మంది ప్రొటెస్టెంట్లను వెళ్ళగొట్టాడు. యూదులు ఈ పంపకంలో లేనే లేరు. మనసులు కలవకపోయినా గోడలు నిలబడ్డాయి, అంతే. బాట్సెన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి 1524 నుంచి ఇద్దరిదీ: లోపలి పీఠం వైపు క్యాథలిక్కులు, ముందు మందిరంలో లూథరన్లు, నడుమ ఒక జాలీ. తర్వాతి కాలంలో దాని ఎత్తు తగ్గించారు; తీసెయ్యలేదు.