పార్క్ స్ట్రీట్ పానశాలలు: పాటకు నీడనిచ్చిన గదులు

కలకత్తా నగరంలో చౌరంగీ రహదారి నుంచి తూర్పుగా సాగే పార్క్ స్ట్రీట్‌ను ఒకప్పుడు శ్మశాన మార్గమని పిలిచేవారు. 1767లో ప్రారంభమైన ఆంగ్లేయుల శ్మశానవాటికకు అదే దారి కావడం ఆ పేరుకు కారణం. ఫోర్ట్ విలియం సుప్రీంకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపే నివాసం చుట్టూ ఉన్న జింకల వనం వల్ల తరువాతి పేరు ఏర్పడింది. మృతుల దారిగా మొదలైన ఆ వీధి ఇరవయ్యో శతాబ్ది నడుమ రెండు దశాబ్దాల పాటు దేశంలోకెల్లా రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొని ఉండే వీధిగా పేరు పొందింది. ఆ జాగరణకు మూలం అక్కడి సంగీతం. అయితే ఆ సంగీతం రాజాస్థానంలో గాని, సభామందిరంలో గాని పుట్టి పెరిగినది కాదు. భోజనమూ మద్యమూ అమ్మే గదులలో, పళ్లేల చప్పుడు నడుమ అది బతికింది. అందువల్లనే దానిని సంస్కృతి చరిత్రలో చేర్చాలా, ఎక్సైజు చరిత్రలో చేర్చాలా అన్న సందిగ్ధం ఏనాడూ పూర్తిగా తొలగలేదు.

పానశాలకూ పాటకూ ఉన్న పొత్తు కలకత్తాకు కొత్తది కాదు. 1780 ప్రాంతాల లాల్‌బజారులో హార్మోనిక్ అనే పేరుగల ప్రసిద్ధ విందుశాల ఒకటి ఉండేది. చందాదారులైన కంపెనీ ఉద్యోగులు అక్కడ వంతులవారీగా సంగీతం, నృత్యం, రాత్రి భోజనం ఏర్పాటు చేసేవారు. ఆ కాలంలో కలకత్తాను సందర్శించిన ఎలైజా ఫే తన లేఖలలో ఆ విందుశాలను ప్రస్తావించింది. సంగీతం పేరునే తన పేరుగా పెట్టుకున్న ఆ భవనం ఎదుటనే కారాగారం ఉండేది. ఆనాటి వినోదం పాలకవర్గపు సొత్తు. స్థానిక ప్రజలకు అందులో సేవకులుగా తప్ప ప్రవేశం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీ దేశస్థుడు ఏంజెలో ఫిర్పో చౌరంగీలో నెలకొల్పిన భోజనశాల, దాని సమీపంలోని గ్రాండ్ హోటలు ఈ సంప్రదాయాన్ని ఇరవయ్యో శతాబ్దిలోకి తెచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా సైనికులు కలకత్తాలో విడిది చేయడంతో జాజ్ సంగీతానికి అపూర్వమైన గిరాకీ ఏర్పడింది. నల్లజాతి అమెరికన్ పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ గ్రాండ్ హోటలులో వాద్యబృందాన్ని నడిపాడు. స్వదేశంలో వర్ణవివక్ష మధ్య పనిచేయవలసిన కళాకారుడు ఇక్కడ గోవా, ఆంగ్లో-ఇండియన్, బర్మా వాద్యకారులకు నాయకుడయ్యాడు. 1945లో కలరా సోకి ఈ నగరంలోనే మరణించాడు. ఆ సంవత్సరాలలోనే, 1943లో, బెంగాలు మహాక్షామం లక్షలాది ప్రాణాలను బలిగొన్నదని మరువరాదు. లోపల బ్యాండు మోగుతుండగా బయట కాలిబాటపై మనుషులు ఆకలితో పడి చనిపోయారు. ఈ సంగీతంపై తరువాతి తరాలవారికి కలిగిన అనుమానానికి మూలాలు కొంతవరకు ఈ దృశ్యంలోనే ఉన్నాయి.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. ఆంగ్లేయులు వెళ్లిపోయారు. వారి క్లబ్బుల గోడలు దాటి సంగీతం వీధిలోకి వచ్చింది. 1956లో కొఠారీ కుటుంబం పార్క్ స్ట్రీట్ పక్కనే మొకాంబోను ప్రారంభించింది. అక్కడ గాయనిగా అడుగుపెట్టిన పామ్ క్రేన్ తరువాతి కాలంలో ఆ వీధికే మహారాణిగా పేరు పొందింది. స్విట్జర్లాండుకు చెందిన ఫ్లూరీ దంపతులతో కలిసి మిఠాయి వ్యాపారం చేసిన ట్రింకా, వారినుంచి విడిపోయి ఎదురువైపున ఒక తేనీటిశాల పెట్టుకున్నాడు. 1959లో ఓంప్రకాశ్ పురీ, ఎలిస్ జాషువా అనే ఇద్దరు భాగస్వాములు దానిని కొనుగోలు చేసి, ట్రింకాస్ అనే పేరు అలాగే ఉంచి, అందులో సంగీత వేదిక నిర్మించారు. ఒకరు పంజాబీ, మరొకరు బాగ్దాదు నుంచి వచ్చి స్థిరపడిన యూదు సమాజానికి చెందినవారు. బ్లూ ఫాక్స్, మూలాన్ రూజ్ మొదలైనవి కూడా ఇదే వరుసలో వెలిశాయి. విదేశీయుల చేతులలోని వినోదం ఈ విధంగా దేశీయుల వ్యాపారంగా మారింది.

ఆ వ్యాపారపు లెక్క పైకి కనిపించినంత సులభమైనది కాదు. గది అద్దె, శీతలీకరణ యంత్రాల ఖర్చు, మద్యం లైసెన్సు రుసుము, వంటవారి జీతాలు ప్రతి హోటలుకూ ఉండేవే. వాద్యబృందం వేతనం మాత్రం ప్రత్యేకమైన భారం. హాలు నిండినా నిండకపోయినా ఆరుగురో ఏడుగురో వాద్యకారులకు జీతం చెల్లించక తప్పదు. వాద్యం వల్ల నేరుగా వచ్చే రాబడి ఏమీ లేదు. పాట విన్నందుకు ఎవరూ ధర చెల్లించరు. పాట కోసం కూర్చున్నవారు మరొక గ్లాసు, మరొక పళ్లెం తెప్పించుకుంటేనే ఆ జీతం గిట్టుతుంది. అంటే మద్యం మీది లాభమే సంగీతాన్ని పోషించేది. పూర్వం రాజు చేసిన పనిని ఇక్కడ బారు యజమాని చేశాడు. ఒక్కటే తేడా: రాజుకు కీర్తి చాలు, యజమానికి నెలాఖరున లెక్క కుదరాలి.

ఆ లెక్క కుదరడానికి యజమానులు ఒకే గదిని పలు వేళలకు పలు విధాలుగా మలచుకున్నారు. పగటిపూట భోజనానికి కుటుంబాలు వచ్చేవి. సెలవు దినాలలో పగలు జరిగే జామ్ సెషన్లకు కళాశాల విద్యార్థులు వచ్చి ఒక కప్పు కాఫీతో గంటల తరబడి కూర్చొనేవారు. రాత్రి విందుకు వర్తకులు, కంపెనీ అధికారులు వచ్చేవారు. అందువల్ల ఈ పానశాలలు కేవలం తాగుడు స్థలాలు కాలేదు. మద్యం ముట్టనివారు కూడా నిస్సంకోచంగా వచ్చిపోయే కూడళ్లయ్యాయి.

సంగీతకారులలో చాలామంది సమీపంలోని రిపన్ స్ట్రీట్, ఇలియట్ రోడ్ ప్రాంతాలలో నివసించే ఆంగ్లో-ఇండియన్లు. మరికొందరు గోవా నుంచి, డార్జిలింగ్ నుంచి వచ్చినవారు. చర్చి బృందగానాలలో, పోలీసు, సైనిక బ్యాండులలో స్వరలిపి నేర్చిన కుటుంబాలు వీరివి. పాశ్చాత్య సంగీతాన్ని వృత్తిగా స్వీకరించినవారికి ఆ కాలంలో హోటలు బ్యాండు, సినిమా వాద్యబృందం తప్ప వేరే జీవనాధారం దాదాపు లేదు. గ్రామఫోను రికార్డుల నుంచి, సిలోన్ రేడియో నుంచి కొత్త పాటలను చెవితో పట్టి, స్వరపరచుకొని, వారం తిరిగేసరికి వేదికపై వినిపించేవారు. గురుకులం లేని విద్యకు ఆ వేదికలే గురుకులాలు. గోవా శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాజ్ గొన్సాల్వెస్, బెంగళూరులో పుట్టిన గిటారు విద్వాంసుడు కార్ల్‌టన్ కిట్టో, డార్జిలింగ్‌లో జన్మించిన నేపాలీ పియానో కళాకారుడు లూయిస్ బ్యాంక్స్ 1970 దశకంలో బ్లూ ఫాక్స్ వేదికపై కలిసి వాయించారు. భాషలు, ప్రాంతాలు, మతాలు వేరైన ఈ కళాకారుల సమ్మేళనానికి ఏ ప్రభుత్వమూ ప్రణాళిక వేయలేదు. ఒక బారు జీతాల పట్టీ వారిని ఏకం చేసింది.

1969లో ట్రింకాస్ వేదిక ఎక్కిన ఉషా అయ్యర్, తరువాతి కాలపు ఉషా ఉతుప్, ఈ చరిత్రలో ఒక మలుపు. బొంబాయిలో తమిళ కుటుంబంలో పుట్టిన ఆమె అంతకుముందు మద్రాసు మౌంట్ రోడ్డులోని నైన్ జెమ్స్‌లో పాడింది. నైట్ క్లబ్బు గాయని అంటే గౌను ధరించినదే అన్న భావన స్థిరపడిన రోజులలో ఆమె కంచిపట్టు చీరతో, నుదుట బొట్టుతో, తలలో పూలతో పాడింది. పానశాలలో పాడే స్త్రీని గురించి సమాజం ఏర్పరచుకొన్న చిత్రాన్ని ఆ చీర ఉపన్యాసం అక్కరలేకుండానే సవరించింది. బెంగళూరు యువకుడు బిద్దు కూడా అంతకు కొంతకాలం ముందు ట్రింకాస్‌లో పాడి, ఆపైన లండను చేరి అంతర్జాతీయ ఖ్యాతి పొందాడు. మూలాన్ రూజ్, ట్రింకాస్‌లలో ఆంగ్లో-ఇండియన్ మిత్రులతో గిటారు వాయించిన గౌతమ్ చటోపాధ్యాయ 1970 దశకం నడుమ మొహీనేర్ ఘొరాగులి బృందాన్ని స్థాపించి బెంగాలీ గేయానికి కొత్త దారి తెరిచాడు. ఆ బృందం తన పేరును జీవనానంద దాస్ కవిత నుంచి తీసుకున్నది. బారులో నేర్చిన వాద్యం ఈ విధంగా ఆధునిక బెంగాలీ కవిత్వంతో చేయి కలిపింది.

అయితే ఆ దశకంలోనే వీధి దీపాలు ఒక్కొక్కటిగా ఆరసాగాయి. కారణం ఒక్కటి కాదు. ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు ఆస్ట్రేలియాకు, బ్రిటనుకు, కెనడాకు వలసపోయాయి. పరిశ్రమలు, కంపెనీ కార్యాలయాలు నగరాన్ని విడిచిపోవడంతో వారి అధికారులూ వెళ్లిపోయారు. నక్సల్బరీ అనంతర కల్లోలంలో రాత్రివేళ బయటికి రావడానికి జనం జంకారు. విద్యుత్ కోత మామూలైంది. చివరకు రికార్డుపై మోగే డిస్కో సంగీతం జీతం అడగని పోటీదారుగా వచ్చింది.

వీటన్నిటికీ తోడు పన్ను భారం ఉన్నది. ఈ భారాన్ని 1977లో అధికారానికి వచ్చిన వామపక్ష ప్రభుత్వానికి మాత్రమే ఆపాదించడం పరిపాటి. కాని హోటళ్లలో, రెస్టారెంట్లలో వినోదం మీద, విలాసం మీద పన్ను విధించే పశ్చిమ బెంగాలు చట్టం 1972 నాటిది. వినోదపు పన్నుకు ఆ ప్రాంతంలో 1922 నాటి బెంగాలు చట్టమే పునాది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలోని 62వ అంశం మూలరూపంలో విలాసాలు, వినోదాలు, పందేలు, జూదం మీది పన్నులను ఒకే వాక్యంలో చేర్చింది. పాటగాడు, జూదరి ఒకే పద్దు కింద చేరారు. ఫలితం సరళమైనది. గాయకుణ్ణి పెట్టుకున్న యజమానిపై వినోదపు పన్ను పడుతుంది, గాయకుణ్ణి మాన్పించిన యజమానిపై పడదు. మద్యం మిగిలింది, పాట పోయింది. మద్యాన్ని కట్టడి చేయదలచినవారికి కూడా ఈ ఫలితం సంతోషం కలిగించేది కాదు.

మద్యం పట్ల సమాజానికి ఉన్న భయం నిరాధారమైనది కాదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలపై సాగించిన పోరాటం ఎటువంటి వేదన నుంచి పుట్టిందో తెలుగువారికి వివరించనక్కరలేదు. అయితే ఉమర్ ఖయ్యాం రుబాయిలను దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ అనే పేరుతో తెలుగు చేసినపుడు ఆ పేరును సాహిత్య లోకం ఆదరంతో స్వీకరించిందన్నది కూడా గుర్తుంచుకోదగినదే. కల్లు దుకాణాన్ని కవిత్వంలో మన్నించి, అక్కడ పాడే మనిషిని జీవితంలో మన్నించకపోవడం సబబు కాదు. 1980 దశకం తొలి సంవత్సరాలలో పశ్చిమ బెంగాలు మంత్రి ఒకరు ఉషా ఉతుప్ గానాన్ని అపసంస్కృతిగా నిందించగా ఆమె కలకత్తా హైకోర్టును ఆశ్రయించింది. న్యాయం ఆమె పక్షాన నిలిచింది.

పానశాలలో పనిచేసేవారి గౌరవం ఆ తరువాత కూడా న్యాయస్థానాల ముందుకు వచ్చింది. మద్యం అందించే స్థలాలలో స్త్రీలను నియమించరాదన్న 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టంలోని నిబంధన చెల్లదని 2007లో భారత సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మహారాష్ట్రలోని ఆర్కెస్ట్రా బారులలో వేదికపై నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు మాత్రమే ఉండాలన్న షరతును 2022లో అదే న్యాయస్థానం కొట్టివేసింది. మొత్తం 8 మంది అన్న పరిమితిని ఉంచి, వారిలో స్త్రీలెందరు, పురుషులెందరు అన్నది లైసెన్సు షరతు నిర్ణయించజాలదని స్పష్టం చేసింది. 2017లో వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత స్థానిక సంస్థలు విధించేది మినహా పాత వినోదపు పన్ను అందులో లీనమైంది. యాభై ఏళ్లు ఆలస్యంగానైనా పాట జూదం పక్క నుంచి కొంత దూరం జరిగింది.

బ్లూ ఫాక్స్ నేడు లేదు. పామ్ క్రేన్ 2013లో, కార్ల్‌టన్ కిట్టో 2016లో కన్నుమూశారు. ఉషా ఉతుప్‌ను 2024లో పద్మభూషణ్ వరించింది. ట్రింకాస్ పురీ కుటుంబం నిర్వహణలోనే సాగుతూ, సంగీత వేదికను కాపాడుకొంటున్నది. మిగిలిన చరిత్ర జ్ఞాపకాలలోనే ఉన్నది. రాత్రి వేదికపై పుట్టి తెల్లవారేసరికి మాయమైన సంగీతంలో రికార్డుకెక్కినది బహు స్వల్పం.

అయినా దాని జాడ ఊహించని చోట నిలిచింది. బ్లూ ఫాక్స్‌లో లూయిస్ బ్యాంక్స్ వాద్యం విన్న రాహుల్ దేవ్ బర్మన్ ఆయనను బొంబాయికి ఆహ్వానించాడు. 1988 ఆగస్టు 15న దూరదర్శన్ ప్రసారం చేసిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ జాతీయ సమైక్యతా గీతానికి వాద్య సమ్మేళనం కూర్చినవారిలో ఆయన ఒకరు. భీమసేన్ జోషీ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి విద్వాంసులను ఒకే గీతంలో దేశమంతా చూసింది, విన్నది. ఆ గీతానికి వాద్యం కూర్చిన చేతులకు మెలకువలు నేర్పిన బడులలో ఒకటి, వినోదపు పన్ను రిజిస్టరులో మాత్రమే పేరున్న ఒక పార్క్ స్ట్రీట్ బారు. సంస్కృతికి ఏయే గదులు నీడనిచ్చాయో లెక్కించవలసి వచ్చినపుడు ఆ గది కూడా లెక్కలోకి రావలసినదే.