నానోరంధ్రం (నానోపోర్)

విద్యుత్ క్షేత్రం సాయంతో ఒక్కొక్క అణువునే ఇరుకు దారిలోంచి నడిపించే సాధనం నానోరంధ్రం. ఉప్పునీటితో నిండిన రెండు గదుల మధ్య పల్చటి కొవ్వు పొర ఉంటుంది. దానిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా తయారుచేసే ఆల్ఫా హీమోలైసిన్ ప్రోటీన్ గొట్టంలా నాటుకుంటుంది. ఈ గొట్టంలో అతి ఇరుకైన చోటు వెడల్పు 1.4 నానోమీటర్లే. డీఎన్ఏ ఒంటి పోగు అందులో దూరగలదు, జంట పోగు దూరలేదు.

డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది. 120 మిల్లీవోల్టులు పెడితే చాలు, పోగు ధన ధ్రువం వైపు సాగుతుంది. అది దారికి అడ్డుపడినంతసేపూ అయాన్ల ప్రవాహం తగ్గుతుంది. కాసియానోవిచ్, బ్రాండిన్, బ్రాంటన్, డీమర్ 1996లో ఈ తగ్గుదలనే కొలిచి చూపారు.

ఈ తగ్గుదలను బట్టి డీఎన్ఏలోని అక్షరాలను, అంటే బేసులను, చదవాలంటే అసలు చిక్కు వేగంతో వచ్చింది. ఒక్కో బేసు మైక్రోసెకన్లలో దాటిపోతుంటే ఎ, సి, జి, టి తేడా పట్టడం అసాధ్యం. వోల్టేజి తగ్గిస్తే అణువు రంధ్రంలోకే రాదు. అందుకే లాగే పని క్షేత్రానికి వదిలి, రంధ్రం ముఖద్వారంలో ఒక ఎంజైమును కాపలా పెట్టారు. పోగును అది బేసు తర్వాత బేసుగా వదులుతుంది. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన మరొకటి లేదనాలి.

ఈ పద్ధతిలో డీఎన్ఏను చదివే, అరచేతిలో పట్టే మినయాన్ పరికరం 2014లో పరిశోధకుల చేతికొచ్చింది. చదువుతున్న పోగు అక్కర్లేనిదని తేలితే, ఆ రంధ్రం వోల్టేజిని తిరగేసి దాన్ని వెనక్కి గెంటేస్తారు.