వేరు బుడిపెల సహజీవనం (కృష్ణా డెల్టా)

పప్పుజాతి మొక్కల వేళ్లలో చేరి బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే అమ్మోనియాగా మార్చే మట్టి బాక్టీరియాలను రైజోబియాలు అంటారు. బదులుగా మొక్క వాటికి ఆకుల్లో తయారైన ఆహారంలో వాటా పెడుతుంది. విజయవాడ దిగువన కృష్ణా డెల్టాలో వరి తర్వాత వేసే మినుము, పెసర, పచ్చిరొట్టగా పెంచే పిల్లిపెసర, జీలుగ పైర్లన్నిటికీ ఈ పొత్తే ఆధారం. మినుము, పెసర వేళ్లలో ఉండేవి ప్రధానంగా బ్రాడీరైజోబియం ప్రజాతివి.

పుట్టుక

నత్రజనిని స్థాపించే నైట్రోజినేజ్ ఎంజైము వందల కోట్ల ఏళ్ల నాటిది. పప్పుజాతి మొక్కల్లో బుడిపెలు కట్టడం మొదలై మాత్రం సుమారు 6 కోట్ల ఏళ్లే అయిందని అంచనా. అంతకు ఎంతో ముందే, 40 కోట్ల ఏళ్లకు పైగా, మొక్కలు వేరు శిలీంధ్రాలతో పొత్తు నడుపుతున్నాయి. ఆ శిలీంధ్రాలను గుర్తుపట్టే సంకేత వ్యవస్థనే తర్వాత బాక్టీరియాలను ఆహ్వానించడానికీ వాడుకున్నాయి. బాక్టీరియాల వైపు బుడిపె కట్టించే జన్యువులు ఒకదాని నుంచి మరొకదానికి మూకుమ్మడిగా బదిలీ కాగలవు. న్యూజిలాండ్ పొలాల్లో ఇలా జరిగినట్లు 1995లో బయటపడింది.

పరిశోధన చరిత్ర

బుడిపెల్లోని సూక్ష్మజీవుల వల్లే పప్పుజాతి పైర్లకు గాలి నత్రజని అందుతోందని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886-88 మధ్య రుజువు చేశారు. 1888లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచాడు. నత్రజని స్థాపనకు బాక్టీరియా చాలా శక్తి ఖర్చు చేయాలి. మరి పని ఎగ్గొట్టి తిండి మాత్రం తినే రకాలు ఎందుకు పెరిగిపోవు? 2003లో టోబీ కియర్స్ బృందం సోయాచిక్కుడు బుడిపెలకు నత్రజని అందకుండా చేసి చూసింది. ఫలితమివ్వని బుడిపెలకు మొక్క ఆక్సిజన్ తగ్గించింది, వాటిలోని బాక్టీరియాల సంతతి పడిపోయింది. పైగా ఒక బుడిపెలోని బాక్టీరియాలు సాధారణంగా ఒకే కణం సంతానం కావడంతో, కష్టపడిన వాటి లాభం వాటి వంశానికే దక్కుతుంది.

డెల్టాలో

విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువ నీటితో డెల్టాలో వరి మాగాణి విస్తరించింది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లి మిగిలిన తేమతో పండించడం ఇక్కడి పద్ధతి. సార్వాలో (ఖరీఫ్‌లో) నెలల తరబడి నీళ్లు నిలిచే నేలలో రైజోబియాల సంఖ్య తగ్గుతుంది. అందుకే విత్తనానికి బెల్లం పాకంతో రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. పూత దశలో మొక్కను పెరికి బుడిపెను గోటితో చిదిపితే లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్లు. లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల ఆ రంగు వస్తుంది. తెల్లగా ఉంటే నత్రజని అందనట్లే.

ఎరువుల ప్రభావం

నేలలో నత్రజని దండిగా ఉంటే మొక్క బుడిపెలు తగ్గించుకుంటుంది. అమెరికాలోని మిషిగన్‌లో 22 ఏళ్లు నత్రజని ఎరువు వేసిన మడుల్లోని రైజోబియాలు క్లోవర్ అనే పప్పుజాతి మొక్కలకు తక్కువ మేలు చేసేవిగా మారాయని 2015లో తేలింది. ఏటా వరికి యూరియా వేసి, ఆ వెంటనే మినుము పండించే మాగాణుల్లోనూ పరిశీలించదగ్గ విషయమిది.