కర్తృత్వము, స్వామ్యము: నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల సీమల మూడు నిదర్శనములు

గ్రంథమును రచించినవాడొకడు, దాని తాళపత్రమును దాచినవాడు మఱియొకడు, దానివలని కీర్తిని పొందినవాడు వేఱొకడు అగుట మన సారస్వతమున క్రొత్త గాదు. ఈ మువ్వురలో ఎవరికెంత హక్కు గలదను ప్రశ్న మాత్రము మనదేశమున ముద్రణయంత్రముతో గూడ వచ్చినది. నేడు కాపీరైటు అనియు, మేధాసంపత్తి హక్కులనియు వ్యవహరింపబడు విషయమంతయు ఈ ప్రశ్నకు సమాధానమే. పూర్వపు పాలమూరు జిల్లాలోనిదై 2016 అక్టోబరు 11వ తేదీని మూడు జిల్లాలుగా నేర్పడిన నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల సీమలయందు ఈ విషయమును విశదపఱచు నిదర్శనములు మూడు గలవు. వానిని క్రమముగా విచారింతము.

మొదట పూర్వాచారమును గూర్చి రెండు మాటలు. సంస్థానములలో కవికి ప్రతిఫలము కృతిసమర్పణ ముఖమున లభించెడిది. కావ్యము కన్యక, కవి తండ్రి, అంకితము గొనినవాడు కృతిభర్త. కన్యాదానమైన పిమ్మట తండ్రికి కన్యపై స్వామ్యము లేనట్లే, అంకితమైన కావ్యముపై కవికి ధనసంబంధమైన హక్కు మిగులదు. అగ్రహారమో, వార్షికమో, శాలువయో ఒక్కమారు లభించును. అటుపై ఎందఱు వ్రాసికొనినను, ఎందఱు చదివినను కవికి వచ్చునది కీర్తియే. విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానమున పండితులకు జరిగిన సంభావనలన్నియు ఈ పద్ధతిలోనివే. ఒక్కొక్క ప్రతిని చేతితో వ్రాయవలసిన కాలమున ఈ యేర్పాటు చాలియుండెను. ఏలయన ప్రతిని వ్రాయుటయే ఒక తపస్సు, దానిని అమ్మి ధనవంతుడైనవాడు లేడు.

ఇట్లని పరకృతిని అపహరించుట దోషము కాదని మనవారు తలపలేదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమునకును అర్థహరణమునకును ప్రత్యేకాధ్యాయములు కేటాయించెను. ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అని అర్థహరణమును విభజించి, అందేది గర్హ్యమో ఏది గ్రాహ్యమో విచారించెను. కాని ఆ విచారణకు న్యాయస్థానము పండితసభయే, శిక్ష అపకీర్తియే.

ఇంగ్లండులో 1710వ సంవత్సరమున అమలునకు వచ్చిన యాన్ రాణి శాసనము గ్రంథకర్తకు 14 ఏండ్ల హక్కు నిచ్చి, అతడు జీవించియున్నచో మఱి 14 ఏండ్లు పొడిగించెను. మనదేశమున తూర్పిండియా కంపెనీ 1847లో ఒక చట్టమును, ప్రభుత్వము 1914లో వేఱొక చట్టమును జేసినవి. ఇవి బ్రిటిషిండియా చట్టములగుటచే నిజాము రాజ్యమునకు లోబడిన గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములందు తమంతట చెల్లునవి కావు. స్వతంత్ర భారతమున 1957లో చేయబడి 1958 జనవరి 21 నుండి అమలైన కాపీరైటు చట్టమే, అనేక సవరణలతో, నేడు దేశమంతటికిని ప్రమాణము.

ఇక మొదటి నిదర్శనము. నాగరుకర్నూలునకు సమీపమున గల నేటి నందివడ్డెమానే గోనవారి రాజధానియైన వర్ధమానపురము. ఆ వంశమునకు చెందిన గోన బుద్ధారెడ్డి పదుమూడవ శతాబ్దమున ద్విపదలో రామాయణమును రచించి, దానిని తన తండ్రియైన విఠ్ఠలుని పేర వెలయించినట్లు గ్రంథముననే చెప్పుకొనెను. ఉత్తరకాండమును అతని కుమారులైన కాచభూపతియు విఠ్ఠలరాజును పూరించిరి. అయినను లోకము దానిని రంగనాథ రామాయణమనియే పిలిచినది. రంగనాథుడను కవి వేఱొకడు గలడనియు, రాజు అతనిచే వ్రాయించి తన పేరు పెట్టుకొనెననియు కొందఱు, విఠ్ఠలుడే రంగనాథుడు గాన పేరట్లు వచ్చినదని మఱికొందఱు వాదించిరి. ఈ వాదమునందలి పాపపుణ్యములను గమనింపవలెను. మొదటి మాటయే నిజమైనచో ఒక కవి తన జీవితకృషిని పేరుతో సహా కోల్పోయెను. రెండవది నిజమైనచో ఒక రాజకవి తాను చేయని చౌర్యమునకు శతాబ్దముల తరబడి నింద మోయుచున్నాడు.

నేటి చట్టము కవికి రెండు విధములైన హక్కుల నిచ్చుచున్నది. ముద్రించుట, అమ్ముట, అనువదించుట, ప్రదర్శించుట మున్నగునవి ధనసంబంధమైనవి. వీనిని వ్రాతమూలకముగా పరులకు అమ్మవచ్చును. కృతి నాదియని చెప్పుకొనుటయు, తన గౌరవమునకు భంగము గలుగునట్లు కృతిని వికృతము చేయకుండ అడ్డుకొనుటయు రెండవ తెగ. చట్టమునందలి 57వ సెక్షను ప్రకారము మొదటి తెగ హక్కుల నన్నింటిని అమ్ముకొనిన పిమ్మటను ఈ రెండవ తెగ రచయితకు నిలిచియుండును. కృతిభర్తకు కన్యకను ధారవోసినను జనకత్వము తండ్రిదే యనుట వంటిదిది. వర్ధమానపురపు వివాదము వంటిది నేడు పుట్టినచో న్యాయస్థానము అడుగు మొదటి ప్రశ్న, సొమ్మెవరిచ్చిరని గాక, రచించినదెవరని యుండును.

రెండవ నిదర్శనము వనపర్తికి సంబంధించినది. ఆ సంస్థానముతో అనుబంధము గలిగి పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి మఱపునబడిన గ్రంథముల నెన్నింటినో వెలికిదీసి ప్రకటించిన మహాపరిశోధకుడు. నన్నెచోడుని కుమారసంభవమును ఆయన 1909లో ప్రకటించెను. క్రీడాభిరామమును వెలువరించినదియు ఆయనయే. భరతుని నాట్యశాస్త్రమును అభినవగుప్తుని వ్యాఖ్యతో గూడ బరోడా గ్రంథమాలకు పరిష్కరించినదియు ఆయనయే. ఇట్టివానికి లభించిన బహుమానములలో ఒక నిందయు గలదు. అంతవఱకెవరును ఎఱుగని నన్నెచోడుని పేర కుమారసంభవమును కవిగారే కల్పించిరని కొందఱు శంకించిరి. పెక్కుమంది చరిత్రకారులు ఆ శంకను త్రోసిపుచ్చి నన్నెచోడునే కర్తగా అంగీకరించిరి.

ఈ నింద సామాన్యమైన గ్రంథచౌర్యమునకు తలక్రిందులైనది. చౌర్యమున పరుని కృతికి తన పేరు పెట్టుకొనుట యుండును. ఇక్కడ తన కృతికి పరుని పేరు పెట్టెనని ఆరోపణ. చట్టదృష్టితో జూచినచో రెండింటి ఫలము మిక్కిలి భిన్నము. కావ్యము నన్నెచోడునిదైనచో దానిపై నేడెవ్వరికిని స్వామ్యము లేదు, తెలుగువారందఱి సొత్తు. ఆధునికుని రచనయైనచో ఆ యాధునికుని మరణమునుండి లెక్కింపవలసిన గడువు దానికి గలుగును. కర్తృత్వనిర్ణయము పండితుల వినోదము మాత్రము గాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలయునా?

అట్లయిన పరిష్కర్తకేమియు దక్కదా? దక్కును. ప్రాచీనపాఠము అందఱిది. పరిష్కర్త వ్రాసిన పీఠికయు, వ్యాఖ్యయు, టిప్పణములును ఆతనివి. ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యమున 2007లో మన సుప్రీంకోర్టు ఈ భేదమును స్పష్టపఱచెను. తీర్పుల మూలపాఠమున నెవ్వరికిని స్వామ్యము లేకున్నను, శ్రమమాత్రమే గాక నేర్పును వివేచనను వినియోగించి సంపాదకుడు చేర్చిన భాగమునకు రక్షణ గలదని నిర్ణయించెను. తాళపత్రపు యజమాని విషయమును ఇట్లే తెలియవలెను. ఆకులు ఆతనివి, ఆకులపై నున్న కావ్యము ఆతనిది గాదు. చూపుటకు నిరాకరింపవచ్చునుగాని, చూచి ప్రకటించిన ప్రాచీన కావ్యముపై స్వామ్యము కోరరాదు.

గడువు లెక్క పెక్కుమందికి తెలియదు గాన ఇక్కడ చెప్పుట మేలు. రచయిత మరణించిన మఱుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు స్వామ్యము నిలుచును. 1957 చట్టమున మొదట ఇది 50 ఏండ్లుగా నుండెను. 1941లో కీర్తిశేషుడైన రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు 1991తో ముగియనుండగా దానిని 60 ఏండ్లకు పెంచిరి. ఈ సీమవాడే యగు సురవరము ప్రతాపరెడ్డిగారిని ఉదాహరణముగా దీసికొందము. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, ఆంధ్రుల సాంఘిక చరిత్రమును రచించిన ఆయన 1953 ఆగస్టు 25న స్వర్గస్థులైరి. కావున ఆయన జీవితకాలమున ప్రకటితమైన రచనలపై స్వామ్యము 2013 డిసెంబరు 31తో ముగిసినది. నేడు వానిని ఎవరైనను ముద్రింపవచ్చును. పేరు తొలగించుటకుమాత్రము ఇది అనుమతి గాదు.

అయితే ఆయనయే 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచిక విషయము వేఱు. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 354 మంది కవులను ఒక్కచోట జేర్చిన సంపుటమది. సంకలనకర్తగా ప్రతాపరెడ్డిగారి హక్కు ముగిసినను, అందలి ఒక్కొక్క పద్యమునకు ఆయా కవి మరణమును బట్టి వేఱువేఱు గడువులు గలవు. అందొక కవి 1980లో మరణించెననుకొన్న యెడల ఆతని పద్యమునకు 2040 అంతము వఱకు రక్షణ గలదు. ఎందఱు కవుల మరణసంవత్సరములు మనకు దెలియును? వారసుల జాడ యెచ్చట? ఒక ప్రాంతపు మానమును నిలిపిన గ్రంథమే ఈ లెక్క తెగక పునర్ముద్రణకు చిక్కులు పడవచ్చును. కర్త యెవరో, స్వామి యెచ్చటనో తెలియని రచనలను ప్రకటించుటకు అనుమతి కోరు మార్గము చట్టమునందలి 31-ఎ సెక్షనున గలదు. పరిశోధనకును, విమర్శకును ఉచితమైనంత ఉదాహరించుట 52వ సెక్షను ప్రకారము దోషము గాదు.

మూడవ నిదర్శనము గద్వాల చీర. నూలు వస్త్రమునకు పట్టు అంచును, పట్టు కొంగును గూర్చి నేయుట దీని విశేషము. అంచు పేకయు నడుమ పేకయు వేఱు నాడెలతో నడచి, కలియుచోట ఒండొంటిని పెనవైచుకొనును. నూలు పడుగునకు పట్టు పడుగును జోడించి కొంగు నేయుదురు. ఈ విద్యను కనిపెట్టినది ఒక్కరు గారు గాన పేటెంటు పొసగదు. పేటెంటు క్రొత్త కల్పనకే, అదియు 20 ఏండ్లకే. చీరపై నొక నేతగాడు క్రొత్తగా వ్రాసిన చిత్రమునకు 2000 నాటి డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొనినచో పదియేండ్లును, పొడిగించినచో మఱి అయిదేండ్లును రక్షణ గలదు. నమోదునకు తగిన చిత్రమును నమోదు చేయింపక, యంత్రవిధానముతో ఏబదికి మించి ప్రతులు తీసినచో కాపీరైటును నశించును. ఈ నిబంధన నెఱుగక నష్టపోవువారే చేతిపనివారిలో హెచ్చు.

కావున గద్వాలకు మిగిలిన మార్గము స్థలనామరక్షణము. 1999లో చేయబడి 2003 సెప్టెంబరు 15 నుండి అమలైన భౌగోళిక సూచికల చట్టము ఒక ప్రాంతపు పేరును ఆ ప్రాంతపు పనివారి ఉమ్మడిసొత్తుగా అంగీకరించినది. మనదేశమున దార్జీలింగు తేయాకు దీనిక్రింద మొదట నమోదైనది. గద్వాల చీరయు తెలంగాణ రాష్ట్రము ఏర్పడక పూర్వమే నమోదైనది. ఈ హక్కు పదియేండ్లకొకమారు పునరుద్ధరింపబడుచు ఎంతకాలమైనను నిలువగలదు. దీనిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. కాని ఒక్క మెలిక గలదు. పేరు నమోదైనంత మాత్రమున ప్రతి నేతగాడును హక్కుదారుడు గాడు. ఆతడు అధీకృత వినియోగదారుగా వేఱుగా నమోదు కావలెను. అట్లు కానివాడు మరమగ్గపు నకలుపై గద్వాల పేరు జూచియు ఆ చట్టము క్రింద తన పేర వ్యాజ్యము వేయజాలడు. రక్షణపత్రము పెట్టెలో నుండగా నకిలీ చీర అంగడిలో నమ్ముడగుట ఇందువలననే సంభవించును.

ఈ మూడు నిదర్శనములను ఒక్కచోట జేర్చిచూచిన తేలునది యేమన: కర్త పేరు కాలముతో నశింపరానిది, కృతివలని లాభము కాలపరిమితి గలది, స్థలము పేరు అచ్చటి వారందఱిది. వర్ధమానపురమున మొదటిదానికి, వనపర్తిలో రెండవదానికి, గద్వాలలో మూడవదానికి లోపము గలిగినది, లేదా కలుగనున్నది. లోపమునకు కారణము మూడుచోట్లను ఒక్కటే. ఎవరు చేసిరో, ఎప్పుడు చేసిరో ఆనాడే వ్రాసియుంచకపోవుట. కాపీరైటునకు నమోదు అనివార్యము గాదు, రచన పుట్టినక్షణమే అది పుట్టును. కాని దానిని నిరూపించుటకు వ్రాత వలయును. మన యిండ్లలోని వ్రాతప్రతులపై లేఖకుని పేరును, మన మగ్గములపై నేతగాని పేరును, మన సంచికలలోని కవుల జననమరణ సంవత్సరములను నేడైన గుర్తించి యుంచినచో, రంగనాథుడెవ్వడను ప్రశ్న మన మనుమలకు మఱియొక రూపమున మిగులకుండును.